పరిమిత బడ్జెట్‌తో ఖరీదైన సముద్రతీరానికి మకాం: నాలుగు దారుల్లో ఏది ఎవరికి నప్పుతుంది?

సముద్రం ఉన్న ఊళ్లో ఇల్లు వెతకడం మొదలుపెట్టిన వారం పది రోజులకే చాలామంది ఒకే చిక్కులో పడతారు. తీరానికి దగ్గరగా తమ తాహతుకు దొరికేది అగ్గిపెట్టెంత వాటా. కాళ్లు చాపుకునేంత ఇల్లు కావాలంటే పదిహేను ఇరవై కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. ఇంకొకరితో పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది గాని, తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చునే వీలు కూడా తగ్గుతుంది. ఇవేవీ కాదనుకుంటే అదే తీరం వెంట ఇంకో చిన్న ఊరు చూసుకోవచ్చు. అక్కడా సముద్రం అదే, అద్దె తక్కువ, పని దొరకడమే కష్టం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఎంపికలో లెక్క తప్పేది సాధారణంగా అద్దె దగ్గర కాదు, అద్దె పక్కన మనం రాసుకోని రెండు పద్దుల దగ్గర. ఒకటి రోజువారీ రాకపోకలకు పోయే డబ్బు, సమయం. రెండోది ఉప్పుగాలి, చెమ్మ కలిసి ఇంటిమీద, వస్తువులమీద నెలనెలా వసూలు చేసుకునే పన్ను. ఇల్లు, దారి, ఉప్పు అనే ఈ మూడింటినీ ఒకే చోట కూడితే తప్ప ఏది చవకో తేలదు.

## తీరంలో అద్దెలు ఎందుకంత ఎక్కువ?

లోతట్టు నగరానికి నాలుగు దిక్కులా నేల ఉంటుంది. తీర నగరానికి ఒక పక్కంతా నీళ్లే. ఊరి నడిబొడ్డు ఒడ్డునే ఉందనుకుని, అక్కడినుంచి 10 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే సుమారు 314 చదరపు కిలోమీటర్ల వైశాల్యం వస్తుంది. తీరం తిన్నగా ఉన్న చోట అందులో నేల సగమే, అంటే 157 చదరపు కిలోమీటర్లు. వెనకాల కొండలో, చిత్తడి నేలలో ఉంటే ఆ సగం కూడా పూర్తిగా దక్కదు. ఈ కొద్ది నేలకోసం ఊళ్లో పనిచేసేవారితో పాటు సందర్శకులూ పోటీపడతారు, ఎందుకంటే నాలుగు రోజులకు వచ్చిపోయే అతిథి ఇచ్చే డబ్బును ఇంటి యజమాని మీ నెల అద్దె పక్కన పెట్టి చూసుకుంటాడు. ఈ పోటీ ఎంతవరకు వచ్చిందంటే, పర్యాటకులకు అద్దెకిచ్చే 10,101 ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు నాటికి పూర్తిగా ఎత్తివేస్తామని బార్సిలోనా నగర పాలకవర్గం 2024 జూన్‌లో ప్రకటించింది.

సగం వృత్తం వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. లోపలి కాలనీలనుంచి వచ్చేవాళ్లంతా ఉదయం సముద్రం వైపే వస్తారు, సాయంత్రం అందరూ కలిసే వెనక్కి వెళతారు. కాబట్టి ఇల్లు చూపించేవారు చెప్పే కిలోమీటర్లను నమ్ముకోకుండా, మీరు నిజంగా బయలుదేరవలసిన వేళకు ఒకసారి ఆ దారిన వెళ్లి గడియారం చూసుకోవడం మంచిది.

## ముందుగా తూచవలసిన అంశాలు

మొదటిది మొత్తం ఖర్చు. ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి పెట్టకూడదన్న మాట అందరూ వినే ఉంటారు. అదేమీ ప్రకృతి సూత్రం కాదు. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దెకు 1969లో 25 శాతంగా పెట్టిన పరిమితిని 1981లో 30కి పెంచారు. ఆ అంకే ఊరూరా పాకింది. ఇంటినీ రవాణానూ కలిపి చూసే పద్ధతిలో 45 శాతం హద్దు అంటారు. తీరం విషయంలో నాకు ఈ రెండో లెక్కే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఇంటి ఖర్చు, దారి ఖర్చు తక్కెడలో రెండు పళ్లాల్లాంటివి. ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుంది.

రెండోది సమయం. ఒకవైపుకు 45 నిమిషాల చొప్పున నెలకు 22 రోజులు తిరిగితే 33 గంటలవుతుంది, అంటే రోజుకు ఎనిమిది గంటల లెక్కన నాలుగు పనిదినాలకు పైనే. ఈ గంటలకు ఎవరూ జీతం ఇవ్వరు.

మూడోది ఉప్పు. దీన్ని గురించి కాస్త వివరంగా చెప్పాలి, కొత్తగా వచ్చేవారికి అనుభవంలో లేనిది ఇదొక్కటే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో కలిసి ఇళ్లమీద పడుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే కరిగిపోతుంది. అందువల్ల ఉప్పు పట్టిన గొళ్లెం, కిటికీ ఊచ, వాహనం అడుగుభాగం వాన లేని రోజున కూడా తడిగానే ఉండి తుప్పు పడతాయి. నేను ఒడ్డుకు మూడు వీధుల అవతల అద్దెకున్న ఇంట్లో పడమటి గది కిటికీలు కొత్తవిలా ఉండేవి. సముద్రం వైపు కిటికీ కొక్కెం మాత్రం రెండేళ్లలో చేత్తో విరిచేంతగా తినేసింది. ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, గాలిలోని ఉప్పు ఒడ్డునుంచి దూరం పోయేకొద్దీ త్వరత్వరగా తగ్గుతుంది, అందులోనూ మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఆ తగ్గుదల ఎక్కువ. ఎదురుగా అలలు కనిపించే వరుసకూ, నాలుగు వరుసల భవనాల చాటున ఉన్న వీధికీ అద్దెలో ఎంత తేడా ఉంటుందో తుప్పులోనూ అంత తేడా ఉంటుంది; బడ్జెట్ తక్కువ ఉన్నవారికి ఈ రెండు తేడాలూ ఒకే దిశలో లాభం.

నాలుగోది నీళ్లు, పైనుంచి వచ్చేవీ కిందనుంచి వచ్చేవీ. ఏటా ఒక శాతం అవకాశం ఉన్న వరదను వందేళ్లకొకసారి వచ్చే వరద అని పిలవడం వల్ల చాలామంది ధీమాగా ఉంటారు. నిజానికి అటువంటి చోట 3 ఏళ్లు అద్దెకుంటే ఒక్కసారైనా మునిగే అవకాశం 3 శాతం, 10 ఏళ్లుంటే 10 శాతానికి కొంచెం తక్కువ, 30 ఏళ్లుంటే 26 శాతం. పైగా 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. పాత లెక్కలు నెమ్మదిగా పాతబడుతున్నాయి. ఇక కిందినీళ్ల సంగతి. తీరప్రాంతంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టంకన్నా మంచినీటి మట్టం ఎన్ని మీటర్లు పైకి ఉంటే, దానికి సుమారు 40 రెట్ల లోతువరకు కింద మంచినీరు ఉంటుందని స్థూలమైన సూత్రం. తిరగేసి చూస్తే, బోర్లతో పైమట్టం ఒక్క మీటరు దించితే కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకి జరిగే వీలుందన్నమాట. బోరునీటి మీద ఆధారపడిన ఇంట్లో చేరేముందు ఆ నీళ్లు గుక్కెడు పుక్కిలించి చూడటం సిగ్గుపడవలసిన పనేమీ కాదు.

మిగిలిన రెండింటినీ క్లుప్తంగా చెబుతాను: ఒప్పందం ఎంతకాలం నిలుస్తుంది, నచ్చకపోతే ఎంత నష్టంతో వెనక్కి రాగలం.

## ఆదాయం వంద అనుకుంటే

ఊరూరికీ ధరలు మారతాయి కనుక డబ్బులో కాకుండా, నెల ఆదాయం 100 పాళ్లు అనుకుని ఒక నమూనా లెక్క వేశాను. ఇవి ఎక్కడా కొలిచి తెచ్చిన అంకెలు కావు. లెక్క ఎలా వేయాలో చూపడానికి ఊహించినవి. మీ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

| దారి | అద్దె | రాకపోకలు | ఉప్పు, చెమ్మ, కరెంటు | మొత్తం | నెలకు దారిలో గంటలు |
|---|---|---|---|---|---|
| ఒడ్డుకు దగ్గర చిన్న వాటా | 38 | 3 | 5 | 46 | 7 |
| లోపల పెద్ద ఇల్లు | 24 | 14 | 4 | 42 | 33 |
| దగ్గరలో పంచుకున్న ఇల్లు | 22 | 3 | 4 | 29 | 7 |
| అదే తీరంలో చిన్న ఊరు | 20 | 5 | 5 | 30 | పనిని బట్టి |

అద్దె గడి ఒక్కటే చూస్తే మొదటి రెండు దారుల మధ్య 14 పాళ్ల తేడా కనిపిస్తుంది. మొత్తం గడికి వచ్చేసరికి అది 4 పాళ్లకు కుంచించుకుపోతుంది. ఆ 4 పాళ్లు మిగుల్చుకోవడానికి నెలకు అదనంగా 26 గంటలు రోడ్డు మీద గడపాలి. అది గిట్టుబాటో కాదో మీరే చెప్పగలరు.

## ఒడ్డుకు దగ్గరగా చిన్న వాటా

ఇక్కడ స్థలం పోతుంది, సమయం మిగులుతుంది. వాహనం లేకుండా బతకగలిగితేనే ఈ దారి నిలుస్తుంది. దగ్గర ఇల్లు తీసుకుని, బండి కూడా ఉంచుకుంటే రెండు వైపులా చెల్లించినట్టే. వేడి వేళల్లో సముద్రపు గాలి తగులుతుంది కనుక ఉక్కపోత లోపలి ఇళ్లంత ఉండదు గాని, చెమ్మ వల్ల బట్టలు ఆరవు, అలమరల్లో బూజు పడుతుంది, ఎలక్ట్రానిక్ వస్తువుల ఆయుష్షు తగ్గుతుంది. చిన్న ఇంట్లో వస్తువులు గోడలకు ఆనించి పెట్టక తప్పదు కనుక బూజు బాధ ఇంకొంచెం ఎక్కువ.

అయితే అసలు చిక్కు ఒప్పందంలో ఉంటుంది. సీజన్ రాగానే ఇల్లు అతిథులకు ఇచ్చుకోవాలనుకునే యజమాని పదకొండో నెలలో మాట మారుస్తాడు. సీజన్ కాని నెలల్లో అద్దె తక్కువని సంబరపడి చేరినవారు, ఆ అద్దె పన్నెండు నెలలకూ వర్తిస్తుందా లేదా అన్నది కాగితం మీద చూసుకోవాలి. నోటిమాటకు తీరంలో విలువ మరీ తక్కువ.

ఇంకో మాట. ఒడ్డు దగ్గరకు మారిన కొత్తలో ప్రతి సాయంత్రం ఇసుకలో నడుస్తాం. రెండో నెలకు అది వారానికి ఒకసారి అవుతుంది. ఆ తర్వాత బంధువులు వచ్చినప్పుడే. ఇది అందరికీ జరగదు. మీకు జరుగుతుందో లేదో తెలుసుకోకుండా, సముద్రం కనిపించే కిటికీకి నెలనెలా అదనపు అద్దె కట్టడం మాత్రం తెలివైన పని కాదు.

## లోపలి వైపు పెద్ద ఇల్లు

పిల్లలున్న కుటుంబం, పెద్దవాళ్లతో కలిసి ఉండేవారు, ఇంట్లోనే పనిచేసేవారు సహజంగా ఇటు మొగ్గుతారు. ఉప్పు బెడద దాదాపు ఉండదు. ఉప్పెన భయం చాలావరకు తగ్గుతుంది, అయితే సముద్రానికి దూరమైనంత మాత్రాన వరద లేదనుకోకూడదు. నది నోటికి దగ్గరున్న పల్లపు కాలనీలో వాననీరు, పోటు సమయంలో బయటికి పోలేక వెనక్కి తన్నవచ్చు.

ఎండ లెక్క కూడా మారుతుంది. నేల నీటికన్నా త్వరగా వేడెక్కడం వల్ల పుట్టే సముద్రపు గాలి ఒడ్డును ముందుగా తాకి, లోపలికి వెళ్లేసరికి ఆలస్యమై నీరసిస్తుంది. ఒడ్డున ఫ్యానుతో సరిపోయే మధ్యాహ్నం లోపల ఏసీ అడుగుతుంది. అందుకే పట్టికలో లోపలి ఇంటికి కూడా 4 పాళ్లు వేశాను, ఉప్పుకు కాదు, కరెంటుకు.

ఈ దారిని ముంచేది రెండో బండి. ఇంట్లో ఇద్దరు రెండు వేర్వేరు చోట్లకు, రెండు వేర్వేరు వేళల్లో వెళ్లవలసి వస్తే రాకపోకల 14 పాళ్లు ఇరవైకి చేరడం ఎంతసేపు? అప్పుడు మొత్తం 48. ఒడ్డు దగ్గరి వాటాకన్నా ఎక్కువ. అదే వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవారికి 33 గంటలు 13 గంటలకు దిగుతాయి, ఖర్చూ దాంతోపాటే దిగుతుంది. రైలో, నమ్మకమైన బస్సో నడిచే దారిలో ఉన్న ఇంటికి కొంత ఎక్కువ అద్దె ఇచ్చినా తిరిగి రాబట్టుకోవచ్చు. దారిలో ఒక వంతెన తప్ప ఇంకో మార్గం లేని కాలనీని మాత్రం నేనైతే వదిలేస్తాను.

## ఇల్లు పంచుకోవడం

పట్టికలో అన్నిటికన్నా చవక ఇదే. మొదటి ఏడాదికి, అందులోనూ ఒంటరిగా వచ్చేవారికి, ఇంతకన్నా మంచి సలహా నా దగ్గర లేదు. ఊరు అర్థమయ్యేవరకు పెద్ద డిపాజిట్ ఇరుక్కోదు, సామాను కొనక్కర్లేదు, ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో పాత వాటాదారుల నోటే తెలుస్తుంది. ఒప్పందంలో మీ పేరు ఉందా, తోటివారు ఖాళీ చేస్తే వారి వంతు ఎవరు కట్టాలి, అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబు తీసుకోండి. మనుషులతో పొత్తు కుదరకపోవడం ఒప్పందాలతో తీరే సమస్య కాదు కనుక దాని గురించి ఎక్కువ చెప్పను.

## అదే తీరంలో చిన్న ఊరు

కాగితం మీద 30 పాళ్లే. అయితే ఆ 30 ఆదాయం మారకుండా ఉంటేనే. కొత్త ఊళ్లో దొరికే పనికి జీతం 100 బదులు 75 వస్తే అదే 30 పాళ్లు ఆదాయంలో 40 శాతమవుతుంది. కనుక ఆదాయం ఊరితో ముడిపడనివారికి, అంటే పింఛనుదారులకు, ఎక్కడినుంచైనా పనిచేయగలవారికి, ఇది అన్నిటికన్నా మంచి దారి. అక్కడే ఉద్యోగం వెతుక్కోవాల్సినవారికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

చిన్న ఊళ్లో సీజన్ లేని నెలలు ఎలా ఉంటాయో ముందే చూడాలి. సందర్శకుల మీద బతికే ఊళ్లో ఆ నెలల్లో సగం దుకాణాలు మూతబడతాయి, బస్సుల సంఖ్య తగ్గుతుంది. పెద్ద ఆసుపత్రి ఎంత దూరమన్నది వయసు మళ్లినవారికి అద్దెకన్నా ముఖ్యమైన ప్రశ్న. ఇంటర్నెట్ మీద బతుకుతెరువు ఉన్నవారు, గాలివాన వచ్చిన రోజు కరెంటు ఎన్ని గంటలు పోతుందో పక్కింటివారిని అడగాలి. కంపెనీ వాళ్లు చెప్పే వేగం ఆ రోజున పనికిరాదు.

## కొనడం సంగతి

అద్దె కడుతూ ఉంటే డబ్బు వృథా అన్న బాధతో కొందరు ఒడ్డు దగ్గర పాత ఫ్లాటు కొనేస్తారు. మొదటి ఏడాది ఆ పని చేయవద్దనే నా గట్టి సలహా. అద్దెకున్నవాడికి 3 శాతంగా ఉన్న వరద అవకాశం ముప్పై ఏళ్ల అప్పుతో కొన్నవాడికి 26 శాతమవుతుంది. ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి చువ్వలను పట్టుకుంటే, తుప్పు ఇనుముకన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించి శ్లాబును లోపలినుంచి పగలగొడుతుంది. ఆ మరమ్మతు ఖర్చు భవనంలో అందరూ పంచుకోవాలి. ఖాళీ చేసి వెళ్లే స్వేచ్ఛ యజమానికి ఉండదు. బీమా ప్రీమియం ఎంతో, వరద అందులో ఉందో లేదో తెలియకుండా బేరమే మొదలుపెట్టకూడదు.

## ఇంతకీ మీరు ఏ కోవకు చెందినవారు?

సముద్రం ఒడ్డునే మీ ఉపాధి ఉంటే, హోటల్లోనో ఓడరేవులోనో వేళకాని వేళల్లో డ్యూటీ పడేవారైతే, అర్ధరాత్రి లోపలికి వెళ్లే బస్సు ఉండదు కనుక దగ్గర ఇల్లు పంచుకోవడమే మేలు. జంటగా వచ్చి, ఇద్దరికీ ఊరి నడుమే పని ఉంటే, బండి లేకుండా చిన్న వాటాలో ఉండటం అంత కష్టం కాదు. బడికెళ్లే పిల్లలున్నవారు ముందు బడిని తేల్చుకుని, ఆ తర్వాతే దానికి అందే దూరంలో లోపలి ఇల్లు చూసుకోవాలి. తలకిందులుగా చేస్తే ఉదయాలన్నీ రోడ్డు పాలవుతాయి. ఉబ్బసం, కీళ్లనొప్పులు ఉన్నవారిని సముద్రపు గాలి బాగుచేస్తుందని ఎవరో అంటే విని మకాం మార్చకండి. చెమ్మగిల్లిన ఇంట్లో బూజు ఉబ్బసాన్ని పెంచుతుంది. ఇంటి పొడితనం సముద్రానికి దగ్గరితనంకన్నా ముఖ్యం.

ఎటూ తేలనివారు మూడు నెలలు పంచుకున్న ఇంట్లో ఉండి చూడవచ్చు. ఆ మూడింటిలో కనీసం ఒక నెల, ఊరు అందంగా లేని నెల అయి ఉండాలి.

## ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు

ఎండ పొద్దున కాకుండా వాన వెలిసిన మర్నాడు, వీలైతే పున్నమికో అమావాస్యకో దగ్గరి రోజున పోటు వేళ వెళ్లండి. ఆ రోజుల్లో పోటు మామూలుకన్నా ఎక్కువ ఎత్తుకు వస్తుంది, వీధి కాలవల్లో నీరు ఎటు నడుస్తోందో కనిపిస్తుంది. కొత్త సున్నం వాసన వస్తే సంతోషించకుండా, ఏ గోడకు మాత్రమే వేశారో చూడండి. నేలనుంచి జానెడు ఎత్తులో గోడమీద తెల్లగా పొడి రాలుతుంటే అది కిందనుంచి ఎక్కుతున్న చెమ్మ తెచ్చిన ఉప్పు. బాల్కనీ కింద పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయా? మీటరు బోర్డు మరలు ఎర్రబడ్డాయా? గ్రిల్లుకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడామని చెబితే ఏ రకమో అడగండి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుగాలికి మామూలు 304కన్నా మెరుగ్గా ఆగుతుంది. చివరగా, ఇల్లు చూపించే మనిషి దగ్గర తాళంచెవి తీసుకుని మీ చేత్తోనే ముఖద్వారం తాళం తీసి చూడండి. అది ఒక్క తిప్పుకు తిరగకుండా మొరాయిస్తే, అద్దె మాట్లాడేముందు ఆ ఇంట్లో ఇంకా ఏమేం బిగుసుకుపోయాయో గదిగదికీ వెళ్లి తీసి, మూసి చూసుకోండి.